రిజర్వాయర్ దగ్గర మొదలుపెట్టకండి, అక్కడ ముగించండి: రతన్‌గఢ్ చుట్టుదారి గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఐదుగురు, అందరూ హైదరాబాద్‌లోనే ఉంటారు. ఆదివారాలు ఖాజాగూడ గుట్టలు ఎక్కుతుంటారు, భువనగిరి కోట రెండుసార్లు ఎక్కారు. నవంబరు చివర్లో మహారాష్ట్రలోని భండార్‌దరా రిజర్వాయర్ ఒడ్డున ఉన్న రతన్‌వాడి నుంచి రతన్‌గఢ్ ఎక్కి, అవతలి వైపు సామ్రద్ ఊళ్లోకి దిగి, నీళ్ల చుట్టూ తిరిగే రోడ్డు పట్టుకుని బయలుదేరిన చోటికే రావాలనుకుంటున్నారు. శుక్రవారం రాత్రి బస్సెక్కి, శనివారం కొండెక్కి, ఆ రాత్రికే తిరుగు బస్సు. మీతో 52 ఏళ్ల మేనమామగారు వస్తున్నారు, ఆయనకు బీపీ ఉంది, కుడి మోకాలు అప్పుడప్పుడు నొప్పి పెడుతుంది. మీ బావమరిదికి ఇదే మొదటి ట్రెక్. ఒక్కరోజులో అవుతుందా, గైడ్ కావాలా, ఇప్పటి నుంచి ఎలా తయారవ్వాలి అని అడిగారు.

ఒక్కరోజులో అవుతుంది. గైడ్ కావాలి. కానీ మీ ప్లాన్‌లో రెండు మార్పులు చేస్తేనే వెళ్లమంటాను. ఒకటి, ప్రయాణం చేసిన రోజే కొండెక్కకూడదు. రెండు, మీరు అనుకున్న దిశను తిప్పేయాలి. సామ్రద్ నుంచి ఎక్కి, రిజర్వాయర్ వైపు రతన్‌వాడిలోకి దిగండి. ఈ రెండో మాట చాలామందికి వింతగా ఉంటుంది, ఎందుకంటే ఎక్కువమంది వెళ్లేది మీరు అనుకున్న దిశలోనే. నేను కూడా మొదట్లో అలాగే తీసుకెళ్లేవాణ్ణి. ఎందుకు మార్చుకున్నానో వివరంగా చెప్తాను.

ముందు ఆ కొండ గురించి కొంచెం. రతన్‌గఢ్ ఎత్తు 1,297 మీటర్లు. రిజర్వాయర్ నీటిమట్టం నుంచి లెక్కేస్తే మీరు ఎక్కాల్సింది సుమారు 550 మీటర్లు. భువనగిరి గుట్ట 500 అడుగుల పైచిలుకు, అంటే 150 మీటర్ల పైన. కాబట్టి ఒకే రోజు భువనగిరి మూడున్నర సార్లు ఎక్కి దిగినంత పని. ఎత్తు పరంగా మీకు అది అసాధ్యమేమీ కాదు. ఆ రిజర్వాయర్ ప్రవరా నది మీద కట్టింది. విల్సన్ డ్యామ్ అంటారు, 1910లో మొదలుపెట్టి 1926లో పూర్తి చేశారు. మన గండిపేట 1920లో పూర్తయింది కదా, దాదాపు ఒకే కాలపు రాతికట్టడాలు. ప్రవర ఆ రతన్‌గఢ్ కొండల్లోనే పుట్టి, పోయి గోదావరిలో కలుస్తుంది. బాసరలో మనం స్నానం చేసే గోదావరిలో ఆ కొండ మీద కురిసిన వాన కూడా ఉంటుందన్నమాట. మొదటిసారి అక్కడ నిలబడి ఈ సంగతి తలుచుకున్నప్పుడు నాకు పరాయి రాష్ట్రంలో ఉన్నట్టు అనిపించలేదు.

ఇప్పుడు చుట్టుదారి సంగతి. వెళ్లిన దారినే తిరిగొచ్చే ట్రెక్‌లో, అలసట వచ్చిన చోట వెనక్కి తిరిగితే చాలు. వచ్చేటప్పుడు చూసిన దారే, ఏ మలుపులో ఏముందో తెలుసు. చుట్టుదారిలో సగానికి చేరాక వెనక్కి తిరిగినా ముందుకు పోయినా దూరం ఒక్కటే. అప్పటికి కాళ్లు అలిసిపోయి ఉంటాయి, ముందున్న దారి ఎప్పుడూ చూడనిది. అందుకే కష్టమైన సగం, తెలియని సగం పొద్దున్నే, కాళ్లలో బలం ఉన్నప్పుడే అయిపోవాలి. అక్కడ కుదరదనిపిస్తే వచ్చిన దారినే కిందికి వచ్చేయొచ్చు. తేలికైన సగం, జనం తిరిగే సగం సాయంత్రానికి మిగలాలి.

రతన్‌గఢ్‌లో కష్టమైన సగం సామ్రద్ వైపుది. రతన్‌వాడి వైపు దారి అడవిలోంచి వాగు దాటుకుంటూ వెళ్తుంది, చివర్లో ఇనుప నిచ్చెనలు ఉంటాయి, అవి ఎక్కితే గణేశ్ దర్వాజా. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ నిచ్చెనకు పట్టుకోవడానికి ఇనుప కమ్మీ ఉంది, అడుగు పెట్టడానికి మెట్టు ఉంది. సామ్రద్ వైపు త్ర్యంబక్ దర్వాజా దగ్గర అవేవీ లేవు. కొండరాతిలోనే చెక్కిన నిటారు మెట్లు. కొన్ని మోకాలెత్తు ఉంటాయి, కొన్ని అంచులు విరిగిపోయాయి, వాటి మీద చిన్న చిన్న రాళ్లు, ఎండు గడ్డి. అలాంటి మెట్లు ఎక్కేటప్పుడు కళ్ల ముందే ఉంటాయి, చేతులు పైమెట్టు మీద పెట్టుకుని ఎక్కేయొచ్చు. దిగేటప్పుడు అవే మెట్లు కళ్లకు కనపడవు, కనపడేది కింద లోయ.

మా అనుభవం ఒకటి చెప్తాను. కొన్నేళ్ల క్రితం ఆరుగురం మీరనుకున్న దిశలోనే వెళ్లాం. ఆదివారం. నిచ్చెనల దగ్గరికి తొమ్మిదిన్నరకే చేరాం కానీ మా ముందు పెద్ద క్యూ. ఒక్కొక్కరు ఎక్కుతుంటే గంటా ఇరవై నిమిషాలు అక్కడే నిలబడ్డాం. పైన తిరిగి, ఫొటోలు దిగి, తిని, త్ర్యంబక్ దర్వాజా దాటేసరికి రెండున్నర. ఇరవై మెట్లు దిగామో లేదో మాలో ఒకతని మోకాలు పట్టేసింది. వాచిపోలేదు, విరగలేదు, కానీ వంచితే బరువు మొయ్యనంటోంది. వెనక్కి ఎక్కించలేం, ముందుకు నడిపించలేం. మిగతా మెట్లన్నీ అతను కూర్చునే దిగాడు. ముందు రెండు చేతులు పక్కన ఆనించడం, నడుము కింది మెట్టు మీదికి జార్చడం, మంచి కాలు కిందికి పెట్టడం, తర్వాత నొప్పి కాలు చేత్తో ఎత్తి పెట్టుకోవడం. నేను అతనికి రెండు మెట్లు కింద, ముఖం కొండకే పెట్టి, అతని పాదాన్ని ఒక్కోసారి చేత్తో పట్టి మెట్టు మీద ఉంచుతూ దిగాను. మెట్ల భాగం దాటేసరికి అతని ప్యాంటు వెనక గుడ్డ అరిగి చిల్లు పడింది, రెండు అరచేతులూ కొట్టుకుపోయాయి. రెండున్నర గంటల్లో దిగాల్సిన దారి ఐదు గంటలు పట్టింది. ఆరుగురికి రెండే టార్చిలు. చీకట్లో సామ్రద్ ఊరి దీపాలు కనిపించినప్పుడు అందరం ఏడ్చినంత పని చేశాం.

తప్పు నాది. నిచ్చెనల దగ్గర గంటా ఇరవై నిమిషాలు పోయినప్పుడే చుట్టుదారి ఆలోచన మానేసి, పైన కాసేపు ఉండి అదే నిచ్చెనల మీదుగా దిగిపోవాల్సింది. ఆ నిర్ణయం ఎన్ని గంటలకు, ఏ చోట తీసుకోవాలో ఇంటి దగ్గరే రాసుకుని ఉంటే తీసుకునేవాణ్ణి. పైకెళ్లాక, ఇంతదూరం వచ్చి అనే మాట ఎవరో ఒకరు అంటారు. ఆ మాట ముందు ఎవరి బుద్ధీ పని చెయ్యదు.

అప్పటి నుంచి నేను సామ్రద్ నుంచే ఎక్కిస్తున్నాను. మీకు నేను చెప్పే టైమింగ్ ఇది. సామ్రద్‌లో పొద్దున ఆరున్నరకు నడక మొదలవ్వాలి. త్ర్యంబక్ దర్వాజా పదింటికల్లా దాటాలి. పదిన్నర అయినా దర్వాజా చేరలేదంటే ఇక ఎక్కొద్దు, వచ్చిన దారినే సామ్రద్‌కు దిగిపోండి. ఆ రోజుకు సాంధణ్ లోయ మొదటి భాగం చూసి రండి, అది సామ్రద్ పక్కనే ఉంది, చూడదగ్గది. పైన రెండు గంటలు. పన్నెండున్నరకు తిరుగు నడక. నిచ్చెనలు ఒకటిన్నరకల్లా దిగిపోవాలి. ఆపైన అడవి దారిన నెమ్మదిగా వచ్చినా నాలుగింటికి రతన్‌వాడిలో ఉంటారు. నవంబరు చివర్లో అక్కడ ఆరు గంటలకల్లా సూర్యుడు దిగిపోతాడు. అంటే చేతిలో రెండు గంటలు మిగులుతాయి. ఆ రెండు గంటలు మీ మేనమామగారి మోకాలి కోసం. వాటిని పైన ఫొటోలకు వాడుకోవద్దు.

చుట్టు పూర్తి చెయ్యడానికి రతన్‌వాడి, సామ్రద్ మధ్య రోడ్డు మీద కూడా నడవాలని మీకు ఉన్నట్టుంది. ఆ ముక్క జీపులో వెళ్లండి. ముందురోజు రాత్రి రతన్‌వాడిలో ఉండి, పొద్దున్నే జీపు సామ్రద్‌లో దింపితే, సాయంత్రం నేరుగా మీ బస దగ్గరికే నడిచి వస్తారు. తారు రోడ్డు మీద అలిసిన కాళ్లతో నడిస్తే కొండ దిగినప్పటికంటే ఎక్కువ పాడవుతాయి, అందులో చూసేదీ ఏమీ ఉండదు.

ప్రయాణం. రాత్రంతా బస్సులో కూర్చుని, నిద్ర లేకుండా, పొద్దున్నే ఆ మెట్లు ఎక్కడం నాకు అస్సలు ఇష్టం లేదు. నిద్ర చాలని మనిషి కాలు ఎక్కడ పెడుతున్నాడో సరిగా చూడడు. మన వైపు నుంచి ముంబై వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ (ఇప్పటి ఛత్రపతి సంభాజీనగర్) మీదుగా నాసిక్ రోడ్‌కు వెళ్తుంది. అందులో శనివారం బయలుదేరితే ఆదివారం తెల్లవారుజామున దిగుతారు. అక్కడి నుంచి భండార్‌దరా డెబ్భై కిలోమీటర్ల చిల్లర. ఆదివారం విశ్రాంతి. డ్యామ్ దగ్గర షేండి అనే ఊరు, అక్కడి నుంచి రిజర్వాయర్ ఒడ్డు రోడ్డు మీద రతన్‌వాడి. సోమవారం ట్రెక్. సోమవారం నిచ్చెనల దగ్గర క్యూ అన్నదే ఉండదు. దీనికి రెండు రోజుల సెలవు పెట్టాలి, తెలుసు. పెట్టండి. సెలవు దొరక్కపోతే ఈసారి చుట్టుదారి వదిలేసి రతన్‌వాడి నుంచే ఎక్కి దిగిరండి, అది కూడా గొప్ప ట్రెక్కే.

గైడ్ సంగతి. రతన్‌వాడి వైపు మాత్రమే అయితే, దారిలో జనం ఉంటారు కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు సొంతంగా వెళ్లగలరు. సామ్రద్ వైపు ఊరి మనిషి లేకుండా వెళ్లొద్దు. పశువులు మేతకు వెళ్లే బాటలు, కట్టెలకు వెళ్లే బాటలు అన్నీ దారిలాగే ఉంటాయి. వానాకాలం అయిపోయిన కొత్తలో గడ్డి నడుమెత్తు పెరిగి అసలు దారిని కప్పేస్తుంది. ఊళ్లో చిన్నప్పటి నుంచి ఆ కొండ ఎక్కిన వాళ్లు ఉన్నారు, ఎక్కువమంది మహాదేవ్ కోలీ గిరిజనులు. ముందురోజే మాట్లాడుకోండి, అడిగిన డబ్బు బేరమాడకుండా ఇవ్వండి. భాష గురించి టెన్షన్ వద్దు, మన హైదరాబాదీ హిందీ అక్కడ బాగా నడుస్తుంది. నగదు తీసుకెళ్లండి, సిగ్నల్ లేనిచోట ఫోన్‌తో డబ్బు కట్టడం కుదరదు. అదంతా కల్సూబాయి హరిశ్చంద్రగఢ్ వన్యప్రాణి సంరక్షణ కేంద్రం పరిధి, అటవీశాఖ వాళ్లకు ప్రవేశ రుసుము కట్టి రసీదు తీసుకోవాలి.

ఫోన్‌లో మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి కానీ దాన్ని నమ్ముకోకండి. ఒక్క చోటు గుర్తుపెట్టుకోండి. నిచ్చెనలు దిగి అడవిలోకి వచ్చాక హరిశ్చంద్రగఢ్ వైపు వెళ్లే దారి ఒకటి చీలుతుంది. అది కూడా బాగా అరిగిన బాటే, అలసటలో ముందు నడిచేవాడు అటు వెళ్లిపోతాడు. ఆ చీలిక దగ్గర ఐదుగురూ కలిసేదాకా ఎవరూ ముందుకు కదలకూడదు. అసలు ఏ చీలిక దగ్గరైనా అంతే. వాగు ఎలాగూ రిజర్వాయర్‌లోకే పోతుంది కదా, వాగు వెంబడి దిగిపోదాం అనే ఆలోచన ఎవరికైనా వస్తే వెంటనే ఆపండి. సహ్యాద్రిలో, అంటే ఈ పడమటి కనుమల్లో, వాగులు మెల్లగా వాలుగా దిగవు, ఉన్నట్టుండి నిలువు బండ మీంచి దూకేస్తాయి. దారి తప్పితే చివరిసారి కచ్చితంగా దారి అని తెలిసిన చోటికి వెనక్కి వెళ్లాలి, అంతే.

ఇప్పుడు మీరు అడగనిది, కానీ హైదరాబాద్ వాళ్లందరికీ నేను చెప్పేది. మీ కాళ్లకు తెలిసిన రాయి వేరు, అక్కడి రాయి వేరు. ఖాజాగూడ, భువనగిరి, మౌలాలి అన్నీ గ్రానైట్. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. పైన గరుకుగా ఉంటుంది, ఏటవాలు బండ మీద కూడా బూటు అలా పట్టుకుని నిలబడిపోతుంది. ఆ అలవాటుతో మనకు తెలియకుండానే రాయి మీద ఒక నమ్మకం వచ్చేస్తుంది. సహ్యాద్రి అంతా బసాల్ట్, లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన నల్లరాయి, సుమారు 6.6 కోట్ల ఏళ్లది. అది పొరల మధ్య, పగుళ్ల దగ్గర ముక్కలుగా ఊడుతుంది. పట్టుకున్న రాయి చేతిలోకి వచ్చేస్తుంది. తడిస్తే, దాని మీద పాచి ఉంటే, సబ్బు రాసినట్టే. భువనగిరిలో బండ మీద పరిగెత్తినట్టు దిగే కుర్రాళ్లు సహ్యాద్రిలో మొదటి అరగంటలోనే కింద పడడం చాలాసార్లు చూశాను. వాళ్లకు చాతకాక కాదు, రాయి మారిందని వాళ్ల కాళ్లకు తెలియక. అక్కడ ఏ రాయి మీద బరువు వేసే ముందైనా ఒకసారి అరచేత్తో కొట్టి చూడండి. గట్టి రాయి చప్పుడు వేరు, బోలు చప్పుడు వేరు. రెండు గంటల్లో చెవికి అలవాటైపోతుంది. ఊడిన రాయి కిందికి దొర్లితే వెంటనే రాయి, రాయి అని గట్టిగా అరవాలి. ఎవరి తలమీదికి పోతుందో పైనున్నవాడికి కనపడదు.

అందుకే ప్రాక్టీస్ ఖాజాగూడలో కాకుండా అనంతగిరిలో చెయ్యమంటాను. వికారాబాద్ దాకా వెళ్తే మన గ్రానైట్ అయిపోయి ఆ లావా పీఠభూమి అంచు మొదలవుతుంది. అనంతగిరి పైన ఎర్రటి మొరం రాయి, దాని కింద అదే బసాల్ట్. వాలు మీద ఆ ఎర్ర గులకరాళ్లు గోళీకాయల్లా పాదం కింద దొర్లుతాయి. దిగేటప్పుడు జారకుండా ఉండడం నేర్చుకోవడానికి మన చుట్టుపక్కల అంతకంటే మంచి చోటు లేదు. మూసీ పుట్టింది అక్కడే, అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర. సికింద్రాబాద్ నుంచి వికారాబాద్‌కు రైళ్లున్నాయి, తెల్లవారుజామున బయలుదేరితే మధ్యాహ్నానికి ఇంటికొస్తారు. అటవీశాఖ అనుమతించిన దారుల్లోనే తిరగండి. అటు నుంచి కోటపల్లి ప్రాజెక్టుకు కూడా వెళ్తారు చాలామంది. ఒడ్డున కూర్చోండి, లైఫ్ జాకెట్ వేసుకుని పడవ ఎక్కండి, కానీ చెమట పట్టిన ఒంటితో ఈతకు మాత్రం దిగొద్దు. అక్కడ మునిగి ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లున్నారు. భండార్‌దరాలో కూడా ఇదే మాట. రిజర్వాయర్ ఒడ్డు చెరువు గట్టులా ఉండదు, రెండడుగుల తర్వాత లోతు ఎంతో తెలియదు.

మీకు ఆరువారాలకు పైగా టైముంది. వారం మధ్యలో మూడు రోజులు అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. పైకి లిఫ్ట్‌లో వెళ్లినా సరే, కిందికి మాత్రం మెట్ల మీద దిగండి. చాలామంది తలకిందులుగా చేస్తారు, ఎక్కి ఆయాసపడి లిఫ్ట్‌లో దిగుతారు. ఆయాసం ఐదు నిమిషాలు నిలబడితే తగ్గిపోతుంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాల్సి వస్తుంది, ఆ పనికే అది దెబ్బతింటుంది, మర్నాడూ ఆ మర్నాడూ కూర్చోలేనంత నొప్పి వచ్చేది అందుకే. ఇందులో ఒక మంచి సంగతి ఉంది. ఒకసారి గట్టిగా దిగుడు పని చేసి ఆ నొప్పి పడ్డ కండరం, తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా దెబ్బతినదు. కాబట్టి ట్రెక్‌కు పది, పన్నెండు రోజుల ముందు అనంతగిరిలో బాగా కష్టమైన దిగుడు ఒకటి చెయ్యండి. ఆ తర్వాత తేలిక నడకలే. చివరి మూడు రోజులు ఏమీ వద్దు. మెట్ల దగ్గర మొదటి వారం ఖాళీ బ్యాగు, తర్వాత నీళ్ల సీసాలు పెడుతూ ఆరు కిలోల దాకా వెళ్లండి.

మేనమామగారి గురించి విడిగా చెప్పాలి. 52 పెద్ద వయసు కాదు, నాతో అరవై దాటినవాళ్లు వచ్చి హాయిగా దిగారు. కానీ రెండు పనులు ముందే చెయ్యాలి. ఆయన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఇలా రోజంతా కొండ ఎక్కబోతున్నాడని స్పష్టంగా చెప్పండి, ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలేమో డాక్టర్‌నే అడగండి. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి ఉంటాయి, ఎండలో చెమటతో కలిసి అవి ఇబ్బంది పెట్టొచ్చు. ఆ రోజు మాత్ర ఎలా వేసుకోవాలో డాక్టరే చెప్పాలి, మీకు మీరు ఆపెయ్యకండి. రెండోది, అనంతగిరిలో ఆయన్ను ఒకసారి నాలుగు గంటలు నడిపించి, ఆ సాయంత్రం కాదు, మూడో రోజు పొద్దున మోకాలు ఎలా ఉందో అడగండి. మూడో రోజుకు కూడా మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటున్నాడంటే త్ర్యంబక్ మెట్లు ఆయనకు వద్దు. అప్పుడు ఆయన, తోడుగా ఒకరు, రతన్‌వాడి వైపు నుంచి నిచ్చెనల కింది దాకా వచ్చి మీకోసం చూస్తూ కూర్చోవచ్చు. ఆ అడవి దారే ఎంతో బాగుంటుంది. పెద్దాయన్ని వదిలేసి వెళ్తున్నామనే బాధ పెట్టుకోకండి, ఆయనా పెట్టుకోకుండా ముందే కూర్చుని మాట్లాడుకోండి. నడక కర్రలు ఆయనకు రెండు కొనండి. మెట్ల దగ్గర, నిచ్చెనల దగ్గర వాటిని మడిచి బ్యాగులో పెట్టెయ్యాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

నడక వేగం మీ బావమరిదిది. అతన్ని ముందు, గైడ్ వెనకాలే పెట్టండి. కొత్తవాళ్లను చివర్లో నడిపిస్తే, వాళ్లు ఆయాసపడుతూ అందుకునేసరికి ముందువాళ్లు లేచి బయలుదేరతారు, వాళ్లకు విశ్రాంతే దొరకదు. మీ ఐదుగురిలో అనుభవం ఎక్కువున్నవాళ్లు అందరికంటే వెనక ఉండాలి.

బూట్లు. ఇల్లంతా వెతికి మూడేళ్లుగా అల్మరాలో ఉన్న ట్రెక్కింగ్ బూట్లు తీసి వేసుకురావద్దు. చూడ్డానికి కొత్తగా ఉంటాయి కానీ వాడకుండా ఉంచినా మన ఉక్కకు, తేమకు లోపలి నురుగు పొర, జిగురు కుళ్లిపోయి ఉంటాయి. ఒకసారి మాతో వచ్చిన అమ్మాయి బూటు అడుగు, నిచ్చెనలకు ఇంకా అరగంట ఉందనగా, అట్ట ఊడినట్టు మడమ దగ్గర నుంచి ఊడి నోరు తెరిచింది. పదినిమిషాలకు రెండోది కూడా. నా దగ్గరున్న బట్ట పట్టీతో కాలి వేళ్ల దగ్గర మూడు చుట్లు, మడమ దగ్గర మూడు చుట్లు చుట్టి వెనక్కి తీసుకొచ్చాం, దారిలో నాలుగుసార్లు మళ్లీ చుట్టాల్సి వచ్చింది. కొత్తవి కొంటే ఈ వారమే కొనండి, మెట్ల ప్రాక్టీస్ అంతా వాటితోనే చెయ్యండి. సాయంత్రం పూట కొనండి, పాదం అప్పుడు కాస్త ఉబ్బి ఉంటుంది. ముందువేళ్లకు ఒక వేలు సందు మిగలాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు బస నుంచే మొయ్యాలి. కోట మీద రాతి తొట్లలో నీళ్లుంటాయి కానీ వడగట్టి శుద్ధి చేసుకునే ఏర్పాటు లేకుండా తాగొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎంత నీటిలో కలపాలో చదవండి, పెద్ద ప్యాకెట్ లీటరుకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. పెద్దదాన్ని గ్లాసులో కలిపి తాగేసే వాళ్లను చూశాను, అది ఒంటికి చెడు చేస్తుంది. తిండి మన తిండే మంచిది. పులిహోర పొద్దున చేసింది మధ్యాహ్నం దాకా నిలుస్తుంది, ఉప్పు, పులుపు, నూనె అన్నీ అందులోనే ఉన్నాయి. పల్లీ పట్టీలు, ఖర్జూరాలు, సకినాలు జేబులో పెట్టుకుని గంటకోసారి కొంచెం తింటూ ఉండండి. ఆకలేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. నిచ్చెనల దగ్గర కోతులుంటాయి, చేతిలో కవరు కనిపించకూడదు. కవరు లాక్కుంటుంటే భయపడి నిచ్చెన మీద చెయ్యి వదలడం అసలు ప్రమాదం.

తేనెపట్లు బండల కింద ఉంటాయి. సెంటు రాసుకోకండి, పొగ పెట్టకండి, అరవకండి. లేచాయంటే అక్కడ నిలబడి చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని ఆ చోటు నుంచి దూరంగా వెళ్లిపోవాలి. పాము కాటైతే కట్టు బిగించడం, కోయడం ఏమీ వద్దు. ఆ అవయవం కదలకుండా ఉంచి, మనిషిని మోసుకుని ఆసుపత్రికి చేర్చడమే. 108 మహారాష్ట్రలో కూడా పనిచేస్తుంది, 112 కూడా. సిగ్నల్ ఎక్కడ అందుతుందో మీ గైడ్‌కు తెలుస్తుంది, బయలుదేరే ముందే అడగండి. తలకు పెట్టుకునే టార్చి మనిషికొకటి. ఐదుగురికి ఐదు. దీంట్లో నేను రాజీపడను.

నిచ్చెన దిగేటప్పుడు ముఖం కొండవైపే ఉండాలి. ఒకరు పూర్తిగా దిగి పక్కకు తప్పుకున్నాకే రెండోవాళ్లు మొదలుపెట్టాలి. కమ్మీ అంచు పట్టుకోకుండా అడ్డకడ్డీనే పట్టుకోండి, చెమట చేతికి నిలువు కమ్మీ జారుతుంది. మూడు పట్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి, అంటే రెండు కాళ్లు ఒక చెయ్యి, లేదా రెండు చేతులు ఒక కాలు. మీలో ఎవరికైనా ఎత్తు భయం ఉంటే ఒకరు ముందే పూర్తిగా దిగి నిచ్చెన పక్కన నిలబడి, ఎడమకాలు ఇంకొంచెం కిందికి, ఇంకో బెత్తెడు, ఆ, పెట్టు, అని చెప్తూ ఉంటే చాలు. తెలిసిన గొంతు వినపడుతుంటే భయం సగం పోతుంది. మలావత్ పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్ట్ ఎక్కారు కదా, వాళ్లు మొదట రాయి పట్టుకోవడం నేర్చుకున్నది మన భువనగిరిలోనే. మీరు భువనగిరి మళ్లీ వెళ్తే ఈసారి పైకి ఎక్కడం కాకుండా, ముఖం బండ వైపు పెట్టి దిగడం ప్రాక్టీస్ చెయ్యండి.

పైన మీకు దొరికేది కూడా చెప్పాలి, లేకపోతే ఇంత జాగ్రత్త ఎందుకనిపిస్తుంది. త్ర్యంబక్ దర్వాజా దాటి కాస్త ఎక్కితే నేఢే వస్తుంది. మరాఠీలో ఆ మాటకు సూది బెజ్జం అని అర్థం. కొండ శిఖరానికి ఆరపార గాలి కోసేసిన పెద్ద రంధ్రం, అందులో పదిమంది కూర్చోవచ్చు. ఎండలో చెమట కారుతూ వెళ్లి అందులో అడుగు పెట్టగానే రెండు వైపుల నుంచి గాలి ఈడ్చి కొడుతుంది, రెండు నిమిషాల్లో చొక్కా ఆరిపోతుంది. ఒక పక్క అలంగ్, మదన్, కులంగ్ కోటలు, దూరంగా 1,646 మీటర్ల కల్సూబాయి, కింద రిజర్వాయర్ మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. పొద్దున్నే మీరు జీపులో చుట్టి వచ్చిన ఒడ్డంతా వేలితో చూపించుకోవచ్చు. టోపీలు, కవర్లు గట్టిగా పట్టుకోండి. అక్కడ పదిహేను నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కూర్చోమని మా వాళ్లకు చెప్తాను, మీకూ చెప్తున్నాను.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ చుట్టుదారి వద్దే వద్దు, ఎవరు రీల్స్ పెట్టినా సరే. నవంబరు చివర అంటే సరైన సమయమే, గడ్డి కూడా పసుపుబారి దారి కనపడుతుంది. ఒకవేళ మీరు వెళ్లే ముందు రెండు రోజులు అకాల వర్షం పడితే త్ర్యంబక్ మెట్లు మానేసి నిచ్చెనల దారినే ఎక్కి దిగండి.

దిగి రతన్‌వాడి చేరాక బస వైపు వెళ్లకముందే అమృతేశ్వరాలయానికి వెళ్లండి. ఊరి చివరే, పాత రాతిగుడి, దగ్గర్లో మెట్ల కోనేరు ఉంది. గైడ్ వాళ్ల ఇంట్లో భాక్రీ (రొట్టె), పిఠ్లా (శనగపిండి కూర) చేస్తారా అని పొద్దున్నే అడిగి ఉంచండి. మన జొన్నరొట్టె తిన్న నాలుకకు అది కొత్తగా అనిపించదు. అనంతగిరి నడక అయ్యాక మేనమామగారి మూడోరోజు మోకాలు ఎలా ఉందో రాయండి. దాన్ని బట్టి ఆయన ఏ వైపు నుంచి రావాలో చూద్దాం.